5040 గురించి రాసిన మిత్రునికి

మిత్రమా,

మీ వ్యాసం అందింది. 5040 అన్న సంఖ్యను ఎంచుకోవడం బాగుంది. తొలి పేజీలోనే "అద్భుతం", "మహిమ" అన్న మాటలు అడుగడుగునా తగలడంతో, మెచ్చుకోవలసిన మిగతా సంగతులు మరిచిపోయాను. అంతకన్నా చిరాకు పుట్టించింది, "అంకెల మొత్తం 9" అన్న విశేషాన్నీ "60 భాజకాలు" అన్న విశేషాన్నీ మీరు ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం. మొదటిది మనం పది ఆధారంగా లెక్క రాసుకోవడం వల్ల వచ్చినది. ఎనిమిది ఆధారంగా రాస్తే అదే సంఖ్య 11660 అవుతుంది, అంకెల మొత్తం 14కు మారిపోతుంది. రెండవది ఎలా రాసినా మారదు. సంఖ్య గుణాన్నీ, దాన్ని రాసే తీరు గుణాన్నీ వేరు చేయలేనివారు సంఖ్యల జోలికి రాకూడదన్నది నా మొండిపట్టు.

ఆ 60 ఎక్కడిదో మీరు చెప్పనే లేదు. 5040 అంటే 1 నుంచి 7 వరకు అంకెల లబ్ధం. ప్రధాన సంఖ్యలుగా విడదీస్తే నాలుగు 2లు, రెండు 3లు, ఒక 5, ఒక 7. ఏ భాజకమైనా వీటిలోంచి ఏరుకున్నదే కాబట్టి, 2ను ఎన్ని తీసుకోవాలో ఎంచడానికి ఐదు దారులు, 3కు మూడు, 5కు రెండు, 7కు రెండు. వాటి లబ్ధమే 60. అంతకన్నా చిన్న సంఖ్య దేనికీ ఇన్ని భాజకాలు లేవు.

ఒకప్పుడు ఒక సంపాదకుడు నా వ్యాసంలోంచి సరిగ్గా ఇలాంటి పేరానే కోసేసి, పాఠకులు బెదిరిపోతారన్నాడు. విశేషణాలను మాత్రం భద్రంగా ఉంచాడు. బెదిరేది పాఠకులు కాదు, సంపాదకులే. ఈ కోతకు పెద్దలూ అతీతులు కారు. తమకన్నా చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ భాజకాలున్న 5040 లాంటి సంఖ్యలపై రామానుజన్ 1915లో ప్రచురించిన పరిశోధన పత్రంలో కొంత భాగం, లండన్ మేథమెటికల్ సొసైటీ ఆర్థిక ఇబ్బందుల వల్ల, అచ్చు కాకుండా ఉండిపోయి 1997లో గాని వెలుగు చూడలేదు.

ఆ భాగం వెలికి తెచ్చినవారిలో ఒకరైన ఫ్రెంచ్ గణితజ్ఞుడు రోబాన్ 1984లో చూపిన ఫలితం మీ వ్యాసానికి గుండెకాయ కావలసింది. మీరు దాన్ని తాకనే లేదు. 5040 భాజకాలన్నిటి మొత్తం 19344. దాన్ని 5040తో భాగిస్తే సుమారు 3.838. అదే 5040కి సహజ సంవర్గమానం (నేచురల్ లాగరిథమ్), దానికి మళ్లీ సంవర్గమానం తీసి సుమారు 1.781 అన్న స్థిరాంకంతో గుణిస్తే 3.817, అంటే మొదటిదానికన్నా కాస్త తక్కువ. 5040 దాటిన ప్రతి సంఖ్యకూ మొదటి విలువే తక్కువగా ఉంటే ప్రధాన సంఖ్యలు ఎలా పరుచుకుని ఉన్నాయన్న దానికి సంబంధించి ఇంకా రుజువు కాని రీమాన్ పరికల్పన నిజం. ఒక్క సంఖ్య ఎదురు తిరిగినా అది అబద్ధం. 5040ని మించి ఎదురు తిరిగిన సంఖ్య ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఇంత మాట చెప్పాక "మహిమ" అనవలసిన అవసరం ఏముంది?

గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ఊహా నగరానికి 5040 గృహాలు నిర్ణయించిన సంగతి మీరు రాశారు గాని, 11తో భాగించాలంటే రెండు గృహాలు తీసేస్తే చాలని ఆయనే అన్న మాటను వదిలేశారు. 5038ని 11తో భాగించి చూడండి, 458 వస్తుంది.

మీరు అడిగిన కలం పేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు, 48 భాజకాలున్న 2520ని 2తో గుణిస్తే 60, 3తో గుణిస్తే 64 భాజకాలు ఎందుకు వస్తాయో, అయినా 5040 ఇలాంటి సంఖ్యల వరుసలో 7560 కన్నా ముందు ఎందుకు నిలుస్తుందో ఒక్క పేజీలో, ఒక్క విశేషణమూ లేకుండా రాసి పంపండి.