కొనే ముందు మూత తీసి చూడు

అమ్మాయ్,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మీ నాన్న కంప్యూటర్ గురించే ఆలోచిస్తున్నాను. 'మెమరీ చాలడం లేదు' అని వస్తోందని, చూడ్డానికొచ్చిన కుర్రాడు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి కొత్తది కొనుక్కోమన్నాడని చెప్పావు. తొందరపడకు. పదేళ్ల లెక్కలు అందులో ఉన్నాయి, బావ చేతికి అది బాగా అలవాటైంది. ఇలాంటివి ఎన్నో విప్పి బిగించినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. చాలావాటికి ఒక ర్యామ్ స్టిక్కు, ఒక గంట ఓపిక సరిపోతాయి.

మెమరీ అని మనం రెండింటినీ అనేస్తాం. బావ పద్దు పుస్తకాలు దాచే బీరువా లాంటిది డిస్క్, వాటిని పరుచుకుని కూర్చునే చాప ర్యామ్. ఫొటోలు తీసేస్తే బీరువా ఖాళీ అవుతుంది గానీ చాప పెద్దది కాదు. కాకపోతే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో కొంత చోటు వాడుకుంటుంది. సీ డ్రైవ్ కూడా నిండిపోయి ఉంటే ఆ మెసేజ్ ఇంకా త్వరగా వస్తుంది. అందుకని అక్కడ ఓ పదిహేను జీబీ అయినా ఖాళీ చేసి పెట్టు.

బావ రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కితే మొత్తం ఎన్ని జీబీ, ఎంత వాడకంలో ఉంది, ర్యామ్ స్టిక్కులు గుచ్చే స్లాట్లు ఎన్ని నిండాయి, అన్నీ కనిపిస్తాయి. వాడకం తొంభై శాతం దాటి, బాక్సు మీద డిస్క్ లైటు ఆగకుండా మినుకుమంటుంటే చాప చాలడం లేదన్నమాటే.

అక్కడే ప్రాసెసెస్‌లో మెమరీ అన్న మాట మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకొస్తాయి. బ్రౌజరే పైన ఉంటుందనుకుంటా, బావ తెరిచిన ట్యాబ్ మూయడు కదా. కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవి స్టార్టప్‌లో ఉంటాయి, వాటిలో అక్కర్లేనివి ఆపెయ్, యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లకు. ర్యామ్ పెంచుతామనే సాఫ్ట్‌వేర్లు అసలు ఎక్కించకు, అవే ఇంకొంచెం తింటాయి. ఇంకో మాట. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నానంటాడు బావ. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. వారానికోసారి రీస్టార్ట్ కొట్టమను.

ఇవన్నీ చేసినా లాభం లేకపోతే అప్పుడు కొందాం. దానికి ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి 32 బిట్టా, 64 బిట్టా చూడు. ఒకసారి ఒక పెద్దాయన మెషీన్‌కు 2 జీబీ ఉంటే ఇంకో 4 కలిపాను. ఆరు రావాలి, మూడుంబావు దగ్గర ఆగింది. చూస్తే అది 32 బిట్ విండోస్, 4 జీబీ దాటి వాడుకోలేదు. ముందే చూడకుండా ఆయన చేత డబ్బు పెట్టించానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఫైళ్లన్నీ కాపీ తీసి, కూలి తీసుకోకుండా 64 బిట్ ఎక్కించి వచ్చాను.

పాత స్టిక్ మీద స్టిక్కర్ చదువు. పీసీ3 అని ఉంటే డీడీఆర్3 రకం ర్యామ్, పీసీ4 అని ఉంటే డీడీఆర్4 రకం. ఒకదాని చోట ఇంకోటి పట్టదు, గాటు ఉండే చోటే వేరు. ఆ స్టిక్‌ను కాగితంలో చుట్టుకుని, కంప్యూటర్ సామాన్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లు. చిక్కపేట మెట్రోలో దిగితే దగ్గర. ఏ కొట్టులో కొన్నా బిల్లు అడుగు, పనిచేయకపోతే మారుస్తారో లేదో డబ్బు ఇవ్వకముందే తేల్చుకో.

పాతది తీసేటప్పుడైనా, కొత్తది బిగించేటప్పుడైనా ముందు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టు. బాక్సు ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకున్నాకే స్టిక్ పట్టుకో, అదీ అంచులతోనే. పాతదాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచెయ్. దుమ్ము, జిడ్డు పట్టి మొరాయించిన స్టిక్కులు ఇంతమాత్రానికే బాగుపడటం చాలాసార్లు చూశాను. స్లాట్ క్లిప్పులు వెనక్కి వంచి, గాటు కుదిరిందో లేదో చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా నొక్కు. క్లిప్పులు టక్కుమని వాటంతటవే లేచి పట్టుకుంటాయి. ఆన్ చేయగానే బీప్ బీప్ అంటే భయపడకు, సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఆపి, మళ్లీ ప్లగ్ పీకి, తీసి పెట్టు.

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అంత పాత మెషీన్‌ను విండోస్ 11 ఒప్పుకోదు. బ్యాంకు పనులు మాత్రం అందులో చేయొద్దని బావకు గట్టిగా చెప్పు. లెక్కల సాఫ్ట్‌వేర్‌కు విండోసే కావాలా అని కూడా కనుక్కో. అక్కర్లేదంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిద్దాం, 4 జీబీతో బాగానే నడుస్తుంది.

ముందు లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్. తర్వాత మూత తీసి స్లాట్ల ఫొటో ఒకటి నాకు పంపు, ఏది కొనాలో చెబుతాను. శనివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మావయ్య
రాజాజీనగర్, బెంగళూరు