పచ్చిక తెగుళ్ళు చదివితే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. గోల్ఫ్ మైదానాల పచ్చికను పాడుచేసే శిలీంధ్రాల జన్యు వైవిధ్యంపై పరిశోధన చేస్తానంటోంది. మన దగ్గర ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: మీ ఆందోళన సహేతుకమైనదే. పచ్చిక సంరక్షణ ఒక్కదాన్నే నమ్ముకుంటే మన దేశంలో అవకాశాలు పరిమితం. అయినా అమ్మాయిని వారించవద్దని నా మనవి. ఆమె కోరుకున్న అంశం మన వరి పొలాలకు చాలా దగ్గరిది.

వరిలో అగ్గి తెగులు కలిగించే పైరిక్యులేరియా ఒరైజే అనే శిలీంధ్ర జాతే 1990ల నుంచి అమెరికా గోల్ఫ్ మైదానాల్లోని రై గడ్డిని మాడ్చివేస్తూ వచ్చింది. జాతి ఒకటే అయినా వరిని ఆశించే వంశం వేరు, రై గడ్డిని ఆశించే వంశం వేరు. ఈ రెండోదానికి దగ్గరి బంధువైన మరో వంశం 2016లో బంగ్లాదేశ్ గోధుమ రైతులను దెబ్బతీసింది. ఏ వంశం ఏ పంట మీదికి మళ్ళగలదో పసిగట్టాలంటే వాటి జన్యువులను పోల్చి చూడవలసిందే. ఇక మందుల సంగతి: రై గడ్డిపై అజాక్సీస్ట్రోబిన్ వంటి శిలీంధ్రనాశక మందులు కొన్నేళ్ళ వాడకానికే విఫలమయ్యాయి, శిలీంధ్రపు సైటోక్రోమ్ బి జన్యువులో ఒక్క అక్షరం మారి, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 143వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు అలనిన్ చేరడం అందుకు ముఖ్య కారణం. ఈ కోవ మందులనే మన వరి రైతులూ పిచికారీ చేస్తున్నారు కనుక, ఈ మార్పును ముందే గుర్తించగల మనిషి అవసరం ఇక్కడా ఉంది. వరిలో పొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలాని కూడా పచ్చికను ఆశించేదే.

కాబట్టి ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాసి, మొక్కల తెగుళ్ళ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయమనండి. సిద్ధాంత వ్యాసానికి మాత్రం పచ్చిక బదులు అగ్గి తెగులును ఎంచుకోవడం మేలు. భారతీయ వరి పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. డీఎన్‌ఏ వేరుచేయడం, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు అనేక నకళ్ళు తీసే పద్ధతి), జన్యుక్రమ విశ్లేషణ, గణాంకాలు చేతికి వస్తే విత్తన కంపెనీల్లోనూ, పంట మందుల కంపెనీల్లోనూ ఆమెకు పని ఉంటుంది. పచ్చికపై ఆసక్తి నిలిచి ఉంటే అదే నైపుణ్యంతో విదేశాల్లో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. స్వతంత్ర పరిశోధకురాలు కావాలంటే పీహెచ్‌డీ తప్పదు కనుక, మరికొన్నేళ్ళ చదువుకు ఇంట్లో అందరూ సిద్ధపడాలి.

నాలుగో ఏడాది గ్రామీణ అనుభవ కార్యక్రమానికి పల్లెకు వెళ్ళినప్పుడు, తన అధ్యాపకుల అనుమతితో, వరి మీదా గట్ల గడ్డి మీదా మచ్చలున్న ఆకులను సేకరించి ఆరబెట్టి, ఊరు, తేదీ, వరి రకం, రైతు కొట్టిన మందు పేరు రాసి భద్రపరచమని చెప్పండి.