నల్లకుంట నుంచి వేబ్రిడ్జ్‌కి: ఆ నిశ్శబ్దంలో ఉండగలనా?

ప్రశ్న: మేడమ్, మేం నల్లకుంటలో ఉంటాం. కింద కూరగాయల బండి, పక్కన గుడి మైకు, ఎదురుగా టిఫిన్ సెంటర్, పొద్దున ఐదింటి నుంచి ఏదో ఒక సందడి. మావారికి లండన్ ఆఫీసులో మూడేళ్ల పోస్టింగ్ వచ్చింది. లండన్‌ని ఆనుకుని ఉన్న సర్రే జిల్లాలో వేబ్రిడ్జ్ అనే ఊళ్లో ఇల్లు తీసుకోమని కొలీగ్స్ చెప్పారట. డబ్బున్నవాళ్ల ఊరు, మంచి స్కూళ్లు, రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్లి రావచ్చు అని. ఈయన స్టేషన్‌కి మూడు మైళ్ల దూరంలో పెద్ద తోట ఉన్న ఇల్లు ఒకటి ఆన్‌లైన్‌లో చూసి ఫిక్స్ అయిపోయారు. వీడియోలో చూస్తే ఆ రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. నేను ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ల పాపతో అక్కడ రోజంతా ఏం చేయాలి? లండన్‌లోనే హౌన్స్‌లో అనే ఏరియాలో మనవాళ్లు ఉంటారు, అక్కడ తీసుకుందామంటే వినరు. ఇంకో చిన్న ప్రశ్న, ఆవకాయ, నెయ్యి పట్టుకెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరిద్దరూ ఊరి గురించి వాదించుకుంటున్నారు గానీ, అసలు తగువు ఆ మూడు మైళ్ల దగ్గరే ఉంది. వేబ్రిడ్జ్ మంచి ఊరే. లండన్ వాటర్లూ స్టేషన్‌కి రైల్లో అరగంట పైచిలుకు. పొద్దున ఆ రైళ్లు జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, చిన్నపిల్లల తల్లులు, కుక్కల్ని తిప్పేవాళ్లు. మీవారు అక్కడికి వచ్చేది రాత్రి పడుకోవడానికి, పగలంతా గడపాల్సింది మీరు. కాబట్టి ఇంటి విషయంలో మీ మాటే ఎక్కువ చెల్లాలి (ఈ ముక్క ఆయనకి గట్టిగా చదివి వినిపించండి).

మా అక్క కూతురు సర్రేలోనే ఇలాంటి ఇంకో ఊళ్లో మొదట తోట ఉన్న ఇల్లే తీసుకుంది. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. ఆ చలికాలమంతా ఆ తోటలో ఆమె అడుగుపెట్టింది చెత్త డబ్బాలు బయట పెట్టడానికే. కారు నడపడం రాదు, బస్సు గంటకొకటి, పాలప్యాకెట్ అయిపోతే మొగుడు వచ్చేదాకా ఆగాలి. ఏడాది తిరిగేసరికి అదే ఊళ్లో స్టేషన్ దగ్గర, దుకాణాలకి నడిచి వెళ్లేంత దూరంలో చిన్న ఇంటికి మారిపోయింది. ఊరు అంతే నిశ్శబ్దంగా ఉంది, కానీ ఆ తర్వాత ఫోన్‌లో ఏడవడం మానేసింది.

అందుకని ముందు స్కూలు చూడండి, తర్వాత స్టేషన్, ఆ రెండింటికీ నడవగలిగే చోట ఇల్లు. అక్కడ ప్రభుత్వ స్కూళ్లకి ఫీజు ఉండదు, కానీ పిల్లలు ఎక్కువైతే చాలాచోట్ల ఇంటికీ స్కూలుకీ ఉన్న దూరం కొలిచి మరీ సీటిస్తారు. వెయిటింగ్ లిస్టులో కూడా ముందు పేరు రాయించుకున్నామని ముందు రాదు, ఆ దూరం లాంటి లెక్కలే చూస్తారు. మీ పాప మధ్యలో చేరుతుంది కాబట్టి, ఇంటికి సంతకం పెట్టే ముందే దగ్గరి స్కూల్లో ఆ క్లాసులో ఖాళీ ఉందా అని ఈమెయిల్ పెట్టి అడగండి. ప్రైవేటు స్కూలు అనుకుంటుంటే, 2025 జనవరి నుంచి ఆ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడుతోంది, అది కూడా కలిపి చూసుకోండి.

డ్రైవింగ్ విషయంలో బద్ధకించకండి. మన లైసెన్సుతో అక్కడ 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాల్సిందే. మన కార్డు ఇచ్చేసి వాళ్ల కార్డు తెచ్చుకునే వీలు లేదు. ప్రాక్టికల్ టెస్టు డేట్లు నెలల తరబడి దొరకవు, అందుకే వెళ్లగానే ప్రొవిజనల్ లైసెన్సుకి (మన లెర్నర్స్ లాంటిది) అప్లై చేసేయండి. ఆటోమేటిక్ కారులో టెస్టు పాసైతే ఆటోమేటిక్‌కే లైసెన్సు ఇస్తారు. బండి ఎడమవైపే నడుపుతారు కాబట్టి ఆ గొడవ లేదు. మానుకోవాల్సింది హారన్. ఇళ్ల మధ్య రాత్రి 11:30 నుంచి పొద్దున 7 దాకా కారు నడుపుతూ హారన్ కొట్టడం అక్కడ నేరం, పగలు కొట్టినా తిరిగి చూస్తారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దె కన్నా ఎక్కువ అడగకూడదు. కౌన్సిల్ ట్యాక్స్ (మన మున్సిపాలిటీ ఇంటి పన్ను లాంటిది) మాత్రం ఓనరు కాదు, అద్దెకున్నవాళ్లే కట్టాలి, పెద్ద ఇంటికి అది గట్టిగానే ఉంటుంది. మీవారి తోట లెక్కలో ఇది ఉందో లేదో అడగండి.

ఇక హౌన్స్‌లో సంగతి. సందడి కావాలంటే అక్కడ కొదవలేదు, నెత్తి మీద హీత్రూ ఎయిర్‌పోర్టు విమానాలు కూడా ఉంటాయి. శనివారం సరుకులకి వెళ్లొస్తే చాలనిపిస్తుంది నాకు, కారులో పెద్ద దూరమేం కాదు. అలాగని వేబ్రిడ్జ్‌లో ఎవరో వచ్చి తలుపు కొడతారని ఎదురుచూడకండి. మీరూ చెప్పాపెట్టకుండా వెళ్లొద్దు, ఫలానా రోజు టీకి రమ్మని పిలవండి. స్కూలు గేటు దగ్గర రోజూ కనిపించే తల్లులతో మొదలుపెట్టండి, అక్కడ పరిచయాలన్నీ ఆ గేటు దగ్గరే.

ఉద్యోగం పూర్తిగా మానేస్తున్నానని మాత్రం ఇప్పుడే అందరికీ చెప్పేయకండి. ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా అయితే, డిపెండెంట్‌గా వెళ్లినా మీరు పని చేసుకోవచ్చు.

ఆవకాయ భేషుగ్గా పట్టుకెళ్లండి, సీసాకి రెండు కవర్లు చుట్టి. నెయ్యి, కోవా, పాలతో చేసినవేవీ వద్దు. ఇండియా నుంచి పాల పదార్థాలు తీసుకురానివ్వరు, ఎయిర్‌పోర్టులోనే పారేస్తారు. నెయ్యి హౌన్స్‌లోలో దొరుకుతుంది.