ఏడు హక్కులు ఆరెప్పుడయ్యాయి?

సందేహం: మా నాన్నగారి నాటి పౌరశాస్త్రం పుస్తకంలో ఆస్తి హక్కు ‘ప్రాథమిక హక్కు’ అని ఉంది. మా అబ్బాయి గైడులో ‘చట్టబద్ధ హక్కు’ అన్నారు. పత్రికల్లో ‘రాజ్యాంగ హక్కు’ అని కనిపిస్తోంది. ఏది సరైన ప్రయోగం? అసలు హక్కు అనే బదులు ‘అధికారం’ అని రాయకూడదా?

సమాధానం: మీ నాన్నగారి పుస్తకంలో తప్పేమీ లేదు, అది పాతది, అంతే. నేనూ బడిలో ప్రాథమిక హక్కులు ఏడని బట్టీపట్టినవాణ్నే. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ఆ జాబితాలోంచి తీసేసింది. 1979 జూన్ 20న అది అమల్లోకి వచ్చాక ఏడు కాస్తా ఆరయ్యాయి. అయితే ఆ హక్కును రాజ్యాంగంలోంచే గెంటేయలేదు. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని 300-ఎ అధికరణంలో పెట్టారు. కనుక ఇవాళ ‘రాజ్యాంగ హక్కు’ అనడమే సబబు. ‘చట్టబద్ధ హక్కు’ అన్నది మామూలు చట్టాలు ఇచ్చే హక్కులకు, అంటే వినియోగదారుల హక్కుల వంటివాటికి, బాగా నప్పుతుంది. ఇది ఉత్త మాటల తేడా కాదు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టొచ్చు. ఆస్తి హక్కుకు ఇప్పుడా వెసులుబాటు లేదు, 226 కింద హైకోర్టుకు వెళ్లాలి.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. జమీందారీల రద్దు చట్టాలు కోర్టుల్లో చిక్కుకోవడంతో 1951లోనే మొదటి సవరణ తెచ్చారు. భాష మీద ఆసక్తి ఉన్నవాళ్లు చూడాల్సింది మాత్రం 1971 నాటి 25వ సవరణ. అంతకుముందు ఏడాది బ్యాంకుల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు, పరిహారమంటే పోయినదానికి సరిసమానంగా ఉండాలన్న ధోరణిలో తీర్పు చెప్పింది. దాంతో ప్రభుత్వం, జనం ఆస్తిని సర్కారు తీసుకోవడం గురించి చెప్పే 31వ అధికరణంలో ‘కాంపెన్సేషన్’ అన్న మాటనే కొట్టేసి ‘అమౌంట్’ అని రాసింది. తెలుగులో చెప్పాలంటే ‘నష్టపరిహారం’ పోయి ‘సొమ్ము’ వచ్చింది. పరిహారం అన్నామంటే నష్టం పూడిందా లేదా అన్న ప్రశ్న వెంటే వస్తుంది. సొమ్ముకు ఆ బాధ లేదు, ఎంతైనా సొమ్మే! ఇంత గడుసు పదమార్పిడి మన నిఘంటుకారులకు కూడా తట్టి ఉండదు. 1973లో కేశవానంద భారతి కేసులో కోర్టు దీన్ని నిలబెట్టింది కూడా.

ఇక ‘అధికారం’. సంస్కృతంలో దానికి హక్కు అన్న అర్థం లేకపోలేదు. ‘కర్మణ్యేవాధికారస్తే’ అన్నచోట అదే అర్థం. హిందీ ఆ అర్థాన్నే నిలుపుకుంది. మన సమాచార హక్కు వాళ్లకు ‘సూచనా కా అధికార్’. తెలుగులో మాత్రం అధికారమంటే పెత్తనమే అయిపోయింది. ‘పౌరుల అధికారాలు’ అని రాస్తే పౌరులే జీవోలు జారీ చేస్తున్నట్టుంటుంది. వద్దు.

హక్కు అరబ్బీ ‘హఖ్’ నుంచి వచ్చింది. సత్యం, న్యాయం, న్యాయంగా రావలసినది అని దాని అర్థాలు. ఈ చివరి అర్థం మనవాళ్ల నాలుక మీద ఇంకా బతికే ఉంది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని నినదించినవాళ్లు ఏ అధికరణాన్నీ చూపలేదు, చూపడానికి అలాంటిదేమీ లేదు. మాకు రావలసింది ఇవ్వండి అన్నారు. ప్రాస కోసం పడిన మాట అని కొందరు తేలిగ్గా తీసేస్తారు గానీ, నా మటుకు అది హక్కు అన్న పదానికి మూలార్థంలో జరిగిన ప్రయోగమే.

మరొక్క విషయం. మీ ఉత్తరంలో ‘ప్రాధమిక’ అని రాశారు, అచ్చులో సరిచేశాం. ప్రథమ నుంచి వచ్చింది కాబట్టి ‘థ’ ఉండాలి. మీ అబ్బాయి గైడులో ఎలా ఉందో కూడా ఓసారి చూడండి.