విలేజ్ ప్రొఫైల్ పని ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఫైనలియర్ చదువుతున్నాను. ఫీల్డ్‌వర్క్ కోసం కర్నూలు జిల్లా కోసిగి వైపు పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. వాన నీటిని, నేలను కాపాడే వాళ్ల వాటర్‌షెడ్ ప్రాజెక్టు కోసం కొన్ని ఊళ్ల విలేజ్ ప్రొఫైల్, అంటే ఊరి జనం, భూమి, నీళ్లు, బతుకుతెరువు వివరాలతో రిపోర్టు, తయారు చేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఈ లెక్కలు పోగేసే పని రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: తప్పకుండా పనికొస్తుందమ్మా. ఈ రంగంలో ఉద్యోగమిచ్చేవాళ్లు ముందు చూసేది, ఒక ఊరి సంగతి మీరు సొంతంగా తెలుసుకుని నలుగురికీ అర్థమయ్యేలా రాయగలరా అన్నదే.

ఊరికి వెళ్లేముందు కాగితాల పని ముగించండి. 2011 జనాభా లెక్కల్లో గ్రామాలవారీ పట్టికలున్నాయి. అప్పటి జిల్లా అంకెల్లో నంద్యాల కూడా కలిసే ఉంది, 2022లో విడిపోయింది. అందుకే జిల్లా సగటు జోలికి పోకుండా ఊరి అంకెలే తీసుకోండి. ఆ పట్టికల్లో ఊరంటే రెవెన్యూ గ్రామం. పంచాయతీ హద్దు దాంతో కలవకపోవచ్చు, మజరాలు (ఊరికి చేరిన చిన్న పల్లెలు) విడిగా కనపడవు. పంచాయతీ ప్రణాళికలు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో, భూముల వివరాలు మీభూమి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

తర్వాత సర్పంచ్‌ను, పంచాయతీ కార్యదర్శిని కలిసి సంస్థ ఇచ్చిన లెటర్ చూపించండి. అంగన్‌వాడీ టీచర్‌ను మాత్రం తీరిగ్గా కలవండి. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ పిల్లాడు ఊళ్లో లేడు అన్నది ఆమెకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు.

అసలు కష్టం రికార్డులకు ఎక్కని మనుషులతోనే. అడంగల్‌లో (పొలం, పంట వివరాల రికార్డు) పట్టాదారు పేరు కనిపిస్తుంది, సేద్యం చేసేది కౌలు రైతు కావచ్చు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అందుకే చాలామంది ఇంకా నోటిమాట మీదే కౌలు చేస్తున్నారు. రేపు మీ ప్రాజెక్టులో ఆ పొలంలో నీటికుంట తవ్వితే కౌలు పెంచుతారా, ఆ రైతును అక్కడ ఉండనిస్తారా? ఈ ప్రశ్న మీ ప్రొఫైల్‌లో ఉండాలి.

మీ ప్రాంతంలో వలస అంతకన్నా పెద్ద విషయం. పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు సుగ్గికి, అంటే సీజన్ కూలి పనులకు, పోతాయి. ఫిబ్రవరిలో సర్వేకి వెళ్తే కొన్ని వీధుల్లో వరసగా తాళాలే కనిపిస్తాయి. వాటిని 'డోర్ లాక్' అని రాసి ముందుకు పోతే, ప్రాజెక్టు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే లెక్కలోంచి జారిపోతారు. ఎందరు వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, బడికెళ్లే పిల్లలు ఎవరి దగ్గరున్నారు అని పక్కింటివాళ్లను అడిగి రాసుకోండి. వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి వెళ్లండి.

ఊరి పటం జనంతోనే గీయించండి. రచ్చకట్ట దగ్గర ముగ్గుపిండి ఇస్తే చాలు. పెద్దమనుషులతో ఒకసారి, ఎస్సీ కాలనీ ఆడవాళ్లతో విడిగా ఇంకోసారి గీయించండి. మగవాళ్లు బోర్లు, చెరువు, గుడి పెడితే, ఆడవాళ్లు నీళ్లు రాని కుళాయినీ చీకటి పడ్డాక భయపడే దారినీ చూపించవచ్చు. రెండింటినీ కలిపి ఒకటి చేయకండి, రిపోర్టులో రెండు పటాలూ ఉంచండి.

ఆధార్ నంబర్లు అడగొద్దు. అనుమతి లేకుండా ఫొటోలు తీయొద్దు. "రాసుకుంటున్నావు సరే, మాకేమొస్తుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇల్లొస్తుంది, లోనొస్తుంది అని మాత్రం ఆశ పెట్టకండి. మీ తర్వాత ఆ గడప తొక్కే ప్రతి ఫీల్డ్‌వర్కరూ ఆ మాటకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. ఎక్సెల్ బాగా నేర్చుకోండి, సర్వే వివరాలు ఫోన్లోనే నింపుకోవడానికి వాడే కోబో టూల్‌బాక్స్ కూడా. సంస్థ ఒప్పుకుంటే మనుషుల పేర్లు తీసేసి ఒక ఊరి ప్రొఫైల్ కాపీ దగ్గర పెట్టుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా మొదలై మానిటరింగ్, ఎవాల్యుయేషన్ (ప్రాజెక్టు ఎలా నడుస్తోంది, ఫలితమేంటి అని చూసే పని) వైపు ఎదగవచ్చు. ఇంకా చదవాలనుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ (ఎన్‌ఐఆర్‌డీపీఆర్), గుజరాత్ ఆనంద్‌లోని గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా ఉన్నాయి. నన్నడిగితే ఒకట్రెండేళ్లు ఫీల్డ్‌లో పనిచేసి, ఏ పని మీద మనసు పోతుందో తేల్చుకున్నాకే వాటికి అప్లై చేయండి.