ఎమర్జెన్సీ లైట్లు ఎవరు పెట్టించాలి: ఓనరా, అద్దెకున్నవాళ్లా?

ప్రశ్న: అమీర్‌పేటలో ఒక కమర్షియల్ కాంప్లెక్స్ మూడో అంతస్తు అద్దెకు తీసుకుని కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. నాలుగు క్లాస్‌రూములు, ఒక్కోదాంట్లో నలభై మంది. సాయంత్రం కరెంటు పోతే గదులు, కారిడార్, మెట్లు అన్నీ చీకటే. జనరేటర్ వాచ్‌మన్ వెళ్లి ఆన్ చేస్తేనే వస్తుంది. ఎమర్జెన్సీ లైట్లు పెట్టించమంటే, ‘బిల్డింగ్ 15 మీటర్లు లేదు, ఫైర్ ఎన్‌ఓసీనే (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అక్కర్లేదు, మీ గదుల సంగతి మీరే చూసుకోండి’ అంటున్నారు ఓనర్. ప్రతి గదిలో లైటు ఉండాలని రూలుందా? నేనే పెట్టించి ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చా?

జవాబు: ఈ విషయంలో ఆధారం జాతీయ భవన నిర్మాణ నియమావళి, అంటే ఎన్‌బీసీ 2016, నాలుగో భాగం. గదికి ఒక లైటు చొప్పున అది లెక్క చెప్పదు. మనిషి బయటపడే దారిని చూస్తుంది. భవనంలో ఏ చోటు నుంచైనా మొదలై వీధి చేరేదాకా ఎక్కడా తెగకుండా సాగేదే ఆ దారి. మీ విషయంలో అసలు పాయింటు ఇదే. దారి మీ గది గుమ్మం దగ్గర కాదు, చివరి బెంచీలో కూర్చున్న పిల్లాడి దగ్గర మొదలవుతుంది. కాబట్టి నలభై మంది కూర్చునే గదిని ‘మీ సంగతి’ అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఆ దారి మధ్యన నేల మీద కనీసం 10 లక్స్ (వెలుతురు కొలిచే యూనిట్) వెలుతురు పడాలి. మామూలు కరెంటు పోయిన 5 సెకన్లలో లైట్లు వెలగాలి, గంటన్నర నిలవాలి, వాటి సప్లై వేరే ఉండాలి. వాచ్‌మన్ కిందికి దిగి ఆన్ చేసే జనరేటర్ ఈ 5 సెకన్ల లెక్కకు అందదు.

ఎన్‌బీసీ దానంతట అదే చట్టం కాదు, రాష్ట్రం తీసుకుంటేనే బలం వస్తుంది. మన దగ్గర 2012 నాటి 168 జీవో భవన నిబంధనలు, ఫైర్ ఎన్‌ఓసీ షరతులు దాన్నే ఆధారం చేసుకుంటాయి. ఓనర్ చెప్పే 15 మీటర్లు వాణిజ్య భవనాలకు ఎన్‌ఓసీ తప్పనిసరయ్యే ఎత్తు. స్కూళ్లు, హాళ్ల వంటి జనం గుమిగూడే భవనాలకు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లున్నా ఎన్‌ఓసీ కావాలి. మూడో అంతస్తులో నూట అరవై మంది విద్యార్థులను కూర్చోబెడుతున్నప్పుడు ఈ కొలతే వర్తిస్తుందని గట్టిగా వాదించొచ్చు. అయితే ఆ వాదన మీ వైపూ తిరుగుతుంది. ఎన్‌ఓసీ లేని చోట సెంటర్ నడుపుతున్నది మీరే కదా.

ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్ కేసు అందుకే గుర్తు చేస్తున్నాను. 1997 జూన్ 13న కింద ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. లైట్లు పోయాయి, ఎమర్జెన్సీ లైట్లు లేవు, బాల్కనీలో దారికి సీట్లు అడ్డం. 59 మంది చనిపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ బోర్డుదే అయినా, 2011లో సుప్రీంకోర్టు నష్టపరిహారంలో 85 శాతం హాలు నడిపినవాళ్ల మీదే వేసింది, బోర్డుకు 15 శాతం. జనాన్ని లోపలికి పిలిచి ఫీజు తీసుకున్నవాళ్లను కోర్టు ముందు అడుగుతుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద అయిదేళ్ల వరకు జైలు పడొచ్చు. ఓనర్‌తో తగాదా తేలేదాకా పిల్లలను చీకట్లో కూర్చోబెట్టకండి. గదుల్లో లైట్లు ఈ వారమే పెట్టించండి.

ఇక అద్దె. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఎఫ్) ప్రకారం, ఓనర్ చేయాల్సిన రిపేరు నోటీసిచ్చినా తగిన టైమ్‌లో చేయకపోతే, మీరు చేయించి ఖర్చు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే అదే చెల్లుతుంది. చెడిపోయిన కారిడార్ లైట్లు బాగు చేయించడం రిపేరే. అసలు లేనివి కొత్తగా పెట్టించడం రిపేరు కాదని ఓనర్ వాదిస్తారు, ఆ వాదనకు కొంత బలముంది. నోటీసు లేకుండా అద్దె కోస్తే బకాయి పేరుతో ఖాళీ చేయించే అవకాశం ఆయనకు మీరే ఇచ్చినట్టవుతుంది.

అగ్రిమెంట్‌లో ‘మెయింటెనెన్స్’, ‘కామన్ ఏరియా’ అన్న క్లాజులు చదవండి. క్లాసులయ్యాక మెయిన్ దింపి, చివరి బెంచీ నుంచి మెట్లు దిగి రోడ్డు దాకా వీడియో తీసుకోండి, తేదీ పడేలా. దాంతో ఓనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. స్పందన లేకపోతే జిల్లా ఫైర్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అద్దె విషయం మాత్రం అగ్రిమెంట్ కాపీ ఒక లాయర్‌కు చూపించాకే తేల్చుకోండి.