డిపాజిట్ గడువు కోసం కంటి ఆపరేషన్ ఆపవద్దు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని ఉప్పల్. 67 ఏళ్ల మా అమ్మకు గ్లకోమా, అంటే నీటికాసుల జబ్బు ఉంది. చుక్కల మందులతో కంటి ఒత్తిడి అదుపులోకి రాకపోవడంతో కుడి కంటికి ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చేయాలన్నారు. 80,000 రూపాయలవుతుందట. అమ్మకు ఆరోగ్య బీమా లేదు. నా 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు 7 శాతం వడ్డీ వస్తోంది, గడువు 5 నెలల్లో తీరుతుంది. అప్పటిదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగవద్దండి. ఈ శస్త్రచికిత్స పోయిన చూపును తిరిగి తేదు. కంటిలోని ద్రవం బయటికి పోయేందుకు కొత్త దారి ఏర్పరచి, ఒత్తిడిని తగ్గించి, దృష్టినాడి ఇంకా దెబ్బతినకుండా చూస్తుంది. కాబట్టి ఈ 5 నెలల్లో తగ్గిన చూపును ఆ తర్వాత ఎంత ఖర్చు పెట్టినా వెనక్కి తెచ్చుకోలేరు.

అలాగని డిపాజిట్‌ను రద్దు చేయనక్కరలేదు, దాని మీదే అప్పు తీసుకోండి. చాలా బ్యాంకులు ఇలాంటి అప్పుకు డిపాజిట్ వడ్డీకంటే 1 నుంచి 2 శాతం మాత్రమే ఎక్కువ తీసుకుంటాయి. 9 శాతం అనుకుంటే 80,000 రూపాయలకు 5 నెలల వడ్డీ 3,000 రూపాయలు. అదే కాలంలో డిపాజిట్‌లోని ఆ 80,000 మీద మీకు సుమారు 2,333 రూపాయలు వస్తూనే ఉంటాయి గనుక, మీ చేతి నుంచి నికరంగా పోయేది 667 రూపాయలే. అమ్మ చూపు ముందు ఇది లెక్కలోకి వచ్చే మొత్తం కాదు. అయితే పన్ను ఆదా కోసం చేసే 5 ఏళ్ల డిపాజిట్ మీద అప్పు ఇవ్వరు. మీది అలాంటిదేమో ముందే చూసుకోండి.

బ్యాంకుకు వెళ్లేలోగా మీ కంపెనీ ఉద్యోగులకిచ్చే గ్రూపు ఆరోగ్య బీమా పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుందేమో కనుక్కోండి, ఎందుకంటే అలాంటి పాలసీలు చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. ఇప్పుడు కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ఇలాంటి జబ్బులకు 3 ఏళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు, కాబట్టి ఈ ఆపరేషన్‌కు అది అక్కరకు రాదు. జబ్బును దాచి మాత్రం పాలసీ తీసుకోకండి. ఖర్చు మరీ భారమనిపిస్తే మెహదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో అడగండి.

80,000తోనే అంతా అయిపోతుందని అనుకోవద్దు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు తరచుగా పరీక్షలకు వెళ్లాలి, చుక్కల మందులు వాడాలి. కొందరికి కొంతకాలానికి ఒత్తిడి మళ్లీ పెరిగి మందులో, ఇంకో ఆపరేషనో అవసరమవుతుంది. అందుకని గడువు తీరి, అప్పు పోగా మిగిలిన సొమ్మును అమ్మ కంటికోసమే విడిగా ఉంచండి. బిల్లులు నగదుగా కాక కార్డు ద్వారానో, యూపీఐ ద్వారానో చెల్లించి రసీదులు దాచుకోండి: అమ్మకు బీమా లేదు కాబట్టి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, ఆమె వైద్యానికి పెట్టిన ఖర్చులో ఏడాదికి 50,000 రూపాయల వరకు, పన్ను లెక్కించే మీ ఆదాయం నుంచి మినహాయింపు కోరవచ్చు.